పాత కోర్ 2 డ్యూయో మీద లైనక్స్‌సీఎన్‌సీ: లోతు తప్పిన టేకు చెక్కుడు కేసు

నేపథ్యం

కోస్తా జిల్లాల్లో ఒక చిన్న కార్పెంటరీ షెడ్డు. సింహద్వారాల మీద చెక్కుడు వాళ్ల ప్రధానమైన పని. గజలక్ష్మి, కలశం, ఏనుగులు, అంచున లతలు అన్నీ టేకులోనే. మెషీన్ నాలుగడుగుల చదరపు బెడ్ ఉన్న మూడు యాక్సిస్‌ల రౌటర్. బెడ్ మీద అటూ ఇటూ కదిలే ఎక్స్, వైలకు 10 మి.మీ. పిచ్ (ఒక చుట్టుకు కదిలే దూరం) బాల్‌స్క్రూ, పైకీ కిందికీ కదిలే జెడ్‌కు 5 మి.మీ. పిచ్. మూడు మోటార్లూ చుట్టుకు 200 స్టెప్పులవి, వాటికి కరెంటు ఇచ్చే డ్రైవర్లు ఒక్కో స్టెప్పును 8 మైక్రోస్టెప్పులుగా విడగొట్టేలా పెట్టి ఉన్నాయి. బిట్‌ను తిప్పే స్పిండిల్ మోటార్ 2.2 కిలోవాట్లది, దాని వేగాన్ని మార్చే వీఎఫ్‌డీ పెట్టెతో 18,000 ఆర్‌పీఎం మీద నడుస్తుంది.

విండోస్ ఎక్స్‌పీ మీద పాత కంట్రోల్ ప్రోగ్రామ్‌తో చాలా ఏళ్లు నడిచిన కంప్యూటర్‌లో హార్డ్ డిస్క్ పోయింది. డిస్కుతోపాటు లైసెన్సు ఫైలూ పోయింది. కొత్త కంట్రోలర్ కొనే స్తోమత ఆ సీజన్‌లో లేదు. షెడ్డులోనే మూల పడి ఉన్న ఇంకో కంప్యూటర్‌లో కోర్ 2 డ్యూయో ఈ7500 ప్రాసెసర్, జీ41 చిప్‌సెట్ బోర్డు, 2 జీబీ ర్యామ్ ఉన్నాయి. అన్నిటికన్నా ముఖ్యంగా బోర్డు మీదే పారలల్ పోర్టు (పాత ప్రింటర్లు తగిలించే సాకెట్) ఉంది. దాని మీద లైనక్స్‌సీఎన్‌సీ ఎక్కించి మెషీన్‌ను లేపాలన్నది అడిగిన పని.

లైనక్స్‌సీఎన్‌సీ అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో 1990ల్లో ఈఎంసీ పేరుతో మొదలైన ప్రోగ్రామ్. లైసెన్సు ఖర్చు లేదు. పారలల్ పోర్టు నుంచి నేరుగా స్టెప్ పల్సులు పంపగలదు. ఆ పల్సులను సాఫ్ట్‌వేరే పుట్టిస్తుంది కాబట్టి కంప్యూటర్ వేగం కన్నా సమయపాలన ముఖ్యం. 50 మైక్రోసెకన్లకొకసారి లేవమంటే ఆ క్షణానికే లేవాలి, ఆలస్యమైతే మోటార్ తడబడుతుంది. కంప్యూటర్ పాతదా కొత్తదా అన్నదానితో దీనికి సంబంధం తక్కువ. కొత్త ల్యాప్‌టాప్ కన్నా పాత డెస్క్‌టాప్ బోర్డు బాగా పనిచేసిన సందర్భాలు చాలానే ఉన్నాయి.

ఎక్కించడం, మొదటి కొలత

2.9 వెర్షన్, డెబియన్ 12 ఇమేజ్ తీసుకున్నాం. అది 64-బిట్‌కు మాత్రమే వస్తుంది, ఈ7500కు ఇబ్బంది లేదు. 32-బిట్ పెంటియం 4 అయితే ఈ దారి మూసుకుపోయినట్టే, 2.7 నాటి ఆర్‌టీఏఐ (సమయపాలన కోసం మార్చిన లైనక్స్ కర్నెల్) ఇమేజ్ వెతుక్కోవాలి. డిస్కు స్థానంలో 120 జీబీ ఎస్‌ఎస్‌డీ పెట్టాం. ర్యామ్ 4 జీబీకి పెంచాం. కారణం లేటెన్సీ (లేవమన్న క్షణం నుంచి జరిగే ఆలస్యం) కాదు, చెక్కుడు ఫైళ్లు. ఒక్కో ప్యానెల్ ప్రోగ్రామ్‌లో లక్షల లైన్లుంటాయి, యాక్సిస్ అనే లైనక్స్‌సీఎన్‌సీ తెర వాటన్నిటికీ బొమ్మ గీయడానికి ప్రయత్నిస్తుంది. ర్యామ్ పెంచినా పెద్ద ఫైలుకు తెర బిగుసుకుపోతే, ప్రోగ్రామ్ మొదట్లోనే కుండలీకరణాల్లో ఇంగ్లిష్ అక్షరాలతో ‘యాక్సిస్’, కామా, ‘స్టాప్’ అని ఒక కామెంట్ పెట్టాలి. బొమ్మ గీయడం అక్కడితో ఆగిపోతుంది. మెషీన్ మాత్రం ప్రోగ్రామ్ అంతా నడుపుతుంది.

మోటార్ తీగ ఒక్కటీ కలపకముందే లేటెన్సీ కొలవాలి. దీనికి లేటెన్సీ హిస్టోగ్రామ్ ప్రోగ్రామ్ దాంతోనే వస్తుంది. ఏమీ కదపకుండా అర నిమిషం నడిపితే గరిష్ఠ జిట్టర్, అంటే లేవాల్సిన క్షణం నుంచి వచ్చే తేడా, 22 మైక్రోసెకన్లు చూపించింది. చాలామంది ఈ అంకె రాసుకుని లేచిపోతారు. కానీ ఇది ఖాళీ రోడ్డు మీద తీసిన మైలేజీ. పెద్ద ఫైలు కాపీ చేస్తూ, గ్రాఫిక్స్‌కు పని పెట్టే గ్లెక్స్‌గేర్స్ కిటికీలు నాలుగైదు తెరిచి, వాటిని తెరంతా లాగుతూ అరగంట నడిపితే అదే కంప్యూటర్ 142 మైక్రోసెకన్లకు ఎగబాకింది.

సగటు ఎంతున్నా పట్టించుకోనక్కర్లేదు. మెషీన్‌ను తడబెట్టేది ఆ ఒక్క గరిష్ఠ అంకే. 142తో ఏమవుతుందో చూడండి. సెట్టింగులు తయారుచేసే స్టెప్‌కాన్ఫ్ ప్రోగ్రామ్ జిట్టర్‌కు స్టెప్ సమయం 5, ఖాళీ 5, ఇంకో 5 కలిపి కనిష్ఠ బేస్ పీరియడ్ (పల్సుల కోసం కంప్యూటర్ లేచే విరామం) 157 మైక్రోసెకన్లని తేలుస్తుంది. అంటే సెకనుకు 6,370 పల్సులు. ఎక్స్‌కు మి.మీ.కు 160 పల్సులు కావాలి కాబట్టి నిమిషానికి 2,390 మి.మీ. దాటదు. జెడ్‌కు మి.మీ.కు 320 పల్సులు, దాని హద్దు నిమిషానికి సుమారు 1,190 మి.మీ. ఈ షెడ్డులో చెక్కుడు ఫీడ్ (కోస్తూ బిట్ నడిచే వేగం) నిమిషానికి 2,400 మి.మీ. అంటే మెషీన్ రోజంతా తన హద్దు మీదే నడవాలి.

హద్దు ఒక్కటే కాదు, ఇంకో చిక్కుంది. పల్సుల మధ్య విరామం ఎప్పుడూ బేస్ పీరియడ్‌కు పూర్తి గుణిజమే అవుతుంది. 157 బేస్ పీరియడ్ మీద 200 మైక్రోసెకన్ల విరామం కావాల్సి వస్తే, ఒక పల్సుకు 157, ఇంకో పల్సుకు 314 వేస్తూ సగటు కుదురుస్తుంది. మోటార్ సగటును చూడదు, ఒక్కో పల్సునూ చూస్తుంది. గరగరమంటుంది, ఏదో ఒక వేగంలో ఆగిపోతుంది కూడా. బేస్ పీరియడ్ చిన్నదైన కొద్దీ ఈ గరుకుతనం తగ్గుతుంది. కాబట్టి జిట్టర్ తగ్గించడం మీదే ముందు సమయం పెట్టాం.

జిట్టర్ తగ్గించిన తీరు

ఒక్కసారి ఒక్క మార్పే చేసి, ప్రతిదాని తర్వాత అదే పనిభారం మీద అరగంట పరీక్ష పెట్టాం. అన్నీ ఒకేసారి మార్చేస్తే ఏది పనిచేసిందో, ఏది చెరిపిందో తెలియకుండా పోతుంది.

మొదట బయాస్, అంటే బోర్డు సొంత సెట్టింగులు. స్పీడ్‌స్టెప్, సీ1ఈ ఆపేశాం. కరెంటు ఆదా కోసం మొదటిది ప్రాసెసర్ వేగం తగ్గిస్తుంది, రెండోది నిద్రపుచ్చుతుంది, మళ్లీ మామూలు స్థితికి రావడానికి పట్టే సమయం జిట్టర్‌గా కనిపిస్తుంది. సౌండ్, ఫ్లాపీ, సీరియల్ పోర్టు ఆపేశాం. పారలల్ పోర్టును ఈపీపీలో, చిరునామా 378 హెక్స్‌లో ఉంచాం. గరిష్ఠం 78కి దిగింది.

కానీ గ్రాఫ్‌లో ఒక విచిత్రం. నిమిషానికి కాస్త ఎక్కువ వ్యవధిలో, గడియారం కొట్టినట్టు ఒక ముల్లు లేస్తోంది. లైనక్స్ పని ఇంత క్రమంగా ఉండదు. ఇంటెల్ ఐసీహెచ్ చిప్‌లలో 64 సెకన్లకొకసారి ఎస్‌ఎంఐ అనే అంతరాయాన్ని లేపగల టైమర్ ఉంది. ఎస్‌ఎంఐ వచ్చినప్పుడు ప్రాసెసర్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు చెప్పకుండా బయాస్ కోడ్‌లోకి వెళ్లొస్తుంది, కర్నెల్‌లో ఏ సెట్టింగూ దాన్ని ఆపలేదు. ఇలాంటి ఆలస్యాలను పట్టే హెచ్‌డబ్ల్యూలాట్‌డిటెక్ట్ ప్రోగ్రామ్ నడిపితే అదేనని తేలింది. బయాస్‌లో స్మార్ట్ ఫ్యాన్ కంట్రోల్, యూఎస్‌బీ లెగసీ సపోర్టు ఒకదాని తర్వాత ఒకటి ఆపితే, ఫ్యాన్ కంట్రోల్ దగ్గరే ముల్లు మాయమైంది. అర నిమిషం పరీక్ష ఎందుకు పనికిరాదో దీంతో అర్థమవుతుంది, ఈ ముల్లు అందులో పడకపోవచ్చు.

యూఎస్‌బీ లెగసీ ఆపేవాళ్లకు ఒక మాట. ఆ తర్వాత యూఎస్‌బీ కీబోర్డుతో బయాస్‌లోకి వెళ్లలేరు. గుండ్రటి పిన్నున్న పీఎస్2 కీబోర్డు ఒకటి షెడ్డులో ఉంచాలి.

తర్వాత లైనక్స్‌ను లేపే గ్రబ్ ఫైలులో కర్నెల్ లైన్‌కు ఐసోల్‌సీపీయూస్=1 చేర్చి, అప్‌డేట్-గ్రబ్ కొట్టి రీబూట్ చేశాం. రెండో కోర్‌ను మామూలు పనులకు వాడొద్దని దీనర్థం, రియల్‌టైమ్ పని అక్కడ ఒంటరిగా నడుస్తుంది. గరిష్ఠం 44కి వచ్చింది. ఆఖరిది గ్రాఫిక్స్. కిటికీలు లాగినప్పుడే అంకె పెరుగుతోంది కాబట్టి ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్ డ్రైవర్ మీద అనుమానం వచ్చింది. ఆ డ్రైవర్‌ను పక్కన పెట్టే నోమోడ్‌సెట్‌ను అదే కర్నెల్ లైన్‌లో పెడితే 31 దగ్గర నిలిచింది. బొమ్మ తిప్పడం నెమ్మదించింది గానీ చెక్కుడు పనికి అది అడ్డు కాదు.

ఆర్‌టీఏఐ కర్నెల్‌తో ఇంకా కిందికి తేవచ్చు. ఈ తరం బోర్డుల మీద అది మామూలుగా మేం వాడిన ప్రీఎంప్ట్-ఆర్‌టీ కర్నెల్ కన్నా మెరుగు. వెళ్లలేదు, ఎందుకంటే 31తో లెక్క సరిపోతుంది. స్టెప్‌కాన్ఫ్‌లో 32 ఇస్తే కనిష్ఠం 47 చూపింది, మేం 50 పెట్టాం. సెకనుకు 20,000 పల్సులు, ఎక్స్‌కు నిమిషానికి 7,500 మి.మీ., జెడ్‌కు 3,750. మోటార్లు అంత లాగలేవు కాబట్టి ఎక్స్ ర్యాపిడ్ (కోయకుండా కదిలే వేగం) 4,500కు, జెడ్‌ను 1,800కు కట్టేశాం. ఒకవేళ జిట్టర్ వంద దగ్గరే మొండికేసి ఉంటే ఈ బోర్డు మీద సాఫ్ట్‌వేర్ స్టెప్పింగ్ మానుకుని, పల్సులు తనే పుట్టించే మెసా కార్డు పెట్టమనే చెప్పేవాళ్లం. దానికి కంప్యూటర్ మిల్లీసెకనుకొకసారి పలికితే చాలు.

ఇంకొకటి, దీన్ని మాత్రం ఎవరూ దాటవేయకూడదు. కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు లైనక్స్‌సీఎన్‌సీ లేచేదాకా పారలల్ పోర్టు పిన్నులు బయాస్ ఇష్టం. ఆ కాసేపట్లో స్పిండిల్ రిలే టక్కున పడొచ్చు, మోటార్ జర్క్ ఇవ్వొచ్చు. అందుకే ఎమర్జెన్సీ బటన్ సాఫ్ట్‌వేర్ గుండా వెళ్లకూడదు, డ్రైవర్ల కరెంటునూ వీఎఫ్‌డీ రన్ సిగ్నల్‌నూ కాంటాక్టర్‌తో నేరుగా తెంపాలి. పిన్ 17 మీద ఛార్జ్ పంప్ (ప్రోగ్రామ్ నడుస్తున్నంతసేపూ ఆడే సిగ్నల్) పెట్టి, ఆ సిగ్నల్ ఆడుతున్నంతసేపే పోర్టు సిగ్నళ్లను డ్రైవర్లకు అందించే బ్రేకౌట్ బోర్డు ఎనేబుల్ అయ్యేలా చేశాం.

వచ్చిన సమస్య

అక్షరాల బోర్డులు, అంచు కోతలు శుభ్రంగా వచ్చాయి. తర్వాత ఆరుగంటలు పట్టే గజలక్ష్మి ప్యానెల్ పెట్టారు. పై అంచున గ్రౌండ్ (బొమ్మల వెనక చదునుగా తవ్విన భాగం) లోతు ఎంత అనుకున్నారో అంతే వచ్చింది. కిందికి వచ్చేసరికి 0.9 మి.మీ. ఎక్కువ దిగిపోయింది. ఏనుగుల పాదాలు చట్రంలో కలవక విడిగా నిలబడ్డాయి. తెర మీద జెడ్ అంకె మాత్రం చివరిదాకా సరిగ్గానే ఉంది. ఉంటుంది కూడా. ఇది ఓపెన్ లూప్ మెషీన్, తాను పంపిన పల్సులనే లెక్కపెట్టుకుంటుంది, మోటార్ ఎక్కడుందో దానికి తెలియదు.

“పాత కంప్యూటర్ కదా, స్టెప్పులు మిస్ అవుతోంది” అన్నది షెడ్డులో అందరి మాట. టేకు చెక్క పాడైతే అలాగే అనిపిస్తుంది. కొత్త కంప్యూటర్ కొనడానికి యజమాని సిద్ధపడ్డారు.

చేసి చూసినవి, ఫలించనివి

మేం వెళ్లేసరికే షెడ్డువాళ్లు తోచినవన్నీ చేశారు. ఫీడ్ సగం చేశారు. జెడ్ యాక్సిలరేషన్ తగ్గించారు. డ్రైవర్‌లో కరెంటు డిప్ స్విచ్ ఒక మెట్టు పెంచారు. మోటార్‌ను బాల్‌స్క్రూకు కలిపే కప్లింగ్ స్క్రూలు బిగించారు. ఇవన్నీ మోటార్ జారుతోందన్న ఊహ మీద చేసినవి. బరువైన స్పిండిల్ మోసే జెడ్‌లో ఆ ఊహ తప్పేమీ కాదు, పైకి లాగేటప్పుడు జారితే బిట్ కిందికే దిగుతుంది. కానీ ఫీడ్ సగం చేసినప్పుడు లోపం తగ్గలేదు సరికదా, పెరిగింది. ఈ ఒక్క విషయమే ఆలోచింపజేయాలి. బలం చాలక జారే మోటార్ నెమ్మదిగా నడిపితే తక్కువ జారుతుంది. నెమ్మదిస్తే పెరిగే లోపం సమయంతో ముడిపడిందై ఉండాలి, ఎందుకంటే ఫీడ్ సగమైతే పని ఇంకా ఎక్కువ గంటలు నడుస్తుంది.

తర్వాత కంప్యూటర్ మీద అనుమానం. ‘అన్‌ఎక్స్‌పెక్టెడ్ రియల్‌టైమ్ డిలే’ సందేశం వచ్చిందా అని అడిగితే రాలేదన్నారు. ఆ సందేశం ఒక సెషన్‌లో ఒక్కసారే వస్తుంది. పొద్దున ఎవరో మూసేసి ఉంటే సాయంత్రానికి ఎవరికీ గుర్తుండదు. అందుకే ప్రోగ్రామ్ మూసి, కొత్తగా తెరిచి, మొత్తం ప్యానెల్‌ను గాల్లో నడిపాం. సందేశం రాలేదు. దీనికి తోడు పక్క వర్క్‌షాప్ నుంచి తెచ్చిన కొత్త కంప్యూటర్‌కు పీసీఐ ఎక్స్‌ప్రెస్ పారలల్ కార్డు తగిలించి నడిపినా లోపం అంతే వచ్చింది. దాంతో పాత కంప్యూటర్ మీద నేరం కొట్టేసినట్టయింది. ఆ కార్డులో ఇంకో ఆధారం దాగి ఉంది, అది తర్వాత బయటపడింది.

లోపం కొలిచిన తీరు

0.01 మి.మీ. డయల్ గేజ్‌ను బెడ్‌కు మాగ్నెట్ స్టాండ్‌తో నిలిపి, స్పిండిల్ కింద ఆనించి సున్నా పెట్టాం. పని నడిపి మళ్లీ అదే మెషీన్ కోఆర్డినేట్‌కు తెచ్చి ముల్లు చదివాం. ఇక్కడ రెండు జాగ్రత్తలు. మధ్యలో హోమింగ్ (మెషీన్‌ను మొదటి స్థానానికి తెచ్చి లెక్క కొత్తగా మొదలుపెట్టడం) చేయకూడదు, చేస్తే లోపం చెరిగిపోతుంది. డ్రైవర్లను ఆపి మళ్లీ ఆన్ చేయకూడదు, రోటార్ దగ్గరున్న స్థానానికి ఎగిరి కూర్చుంటుంది, ఆ తేడా కూడా లోపంలో కలిసిపోతుంది.

వేర్వేరు వ్యవధుల పనులకు వచ్చిన రీడింగులు 0.17, 0.43, 0.26. ఈ అంకెల్లోనే సగం జవాబుంది. స్టెప్పర్ మోటార్ బరువుకు ఓడి జారితే ఎక్కడ పడితే అక్కడ ఆగదు. అయస్కాంత స్థానాలు ప్రతి నాలుగు ఫుల్ స్టెప్పులకు మళ్లీ అవే వస్తాయి కాబట్టి నాలుగు, ఎనిమిది, పన్నెండు ఇలాగే జారుతుంది. నాలుగు స్టెప్పులంటే చుట్టులో యాభయ్యో వంతు, 5 మి.మీ. పిచ్ మీద సరిగ్గా 0.1 మి.మీ. మోటార్ జారిందంటే రీడింగు 0.1, 0.2, 0.4 దగ్గర ఉండాలి. 0.17, 0.26 అలా రావు. కప్లింగ్ జారితే ఎంతైనా రావచ్చు, కాబట్టి దాన్నీ తేల్చుకోవాలి. షాఫ్ట్ మీద నుంచి కప్లింగ్ మీదికి మార్కర్‌తో ఒక గీత గీస్తే చాలు. పని అయ్యాక గీత చెదరలేదు.

ఇక మిగిలింది సిగ్నల్. పోయిన పల్సులో, లేనివి వచ్చి చేరిన పల్సులో తేలాలి. అదే ప్రోగ్రామ్ స్పిండిల్ ఆపి గాల్లో నడిపితే డయల్ సున్నా దగ్గరే ఉంది. స్పిండిల్ తిప్పుతూ, బిట్ చెక్కకు తగలకుండా నడిపితే తప్పింది. కోత బలానికి ఇందులో పాత్ర లేదన్నమాట.

చివరి పరీక్షలో ఏ యాక్సిస్‌నూ కదపలేదు. మెషీన్ ఆన్‌లో, డ్రైవర్లు ఎనేబుల్‌లో, స్పిండిల్ 18,000 మీద, ప్రోగ్రామ్ ఏదీ లేదు. డయల్ ముల్లు ముందు ఒక గీత కదిలింది. కాసేపు ఆగింది. మళ్లీ ఒక గీత. అరగంటకు 0.08 మి.మీ. కిందికి, అంటే ఇరవై ఐదారు దొంగ పల్సులు. ఆరు గంటలకు లెక్కేస్తే 0.96. ప్యానెల్‌లో కనిపించిన 0.9కి ఇది దగ్గరగానే ఉంది. యజమాని ముల్లు దగ్గర కూర్చుని చూశారు, ఆ తర్వాత కొత్త కంప్యూటర్ మాట ఎత్తలేదు.

అక్షరాల బోర్డులు ఎందుకు బాగొచ్చాయో కూడా దీంతో తెలిసింది. ఇరవై నిమిషాల పనిలో తప్పేది 0.05 మాత్రమే, కంటికి ఆనదు. ఎక్స్‌లోనూ దొంగ పల్సులు పడుతూనే ఉన్నాయి. కానీ ఎక్స్ గీత గీతకూ అటూ ఇటూ తిరుగుతుంది కాబట్టి చాలావరకు కొట్టుకుపోతాయి. వైలో పడ్డవి ప్యానెల్‌ను కొద్దిగా సాగదీస్తాయి, పక్కన స్కేలు పెట్టకపోతే తెలియదు. గ్రౌండ్ లోతుకు మాత్రం చట్రం పక్కనే ఉండి సాక్ష్యం చెబుతుంది.

దొంగ పల్సులు ఎక్కడి నుంచి

నాయిస్‌కు, అంటే తీగల్లోకి దూరే విద్యుత్ అలజడికి, మూలం వీఎఫ్‌డీ. స్పిండిల్‌కు వెళ్లే తీగకు షీల్డు లేదు. వీఎఫ్‌డీ ఎర్త్ టెర్మినల్ ఖాళీగా ఉంది. కంప్యూటర్ నుంచి కంట్రోల్ ప్యానెల్‌కు వచ్చే పారలల్ కేబుల్ ఆ తీగ పక్కనే ట్రేలో పడుకుని ఉంది. కానీ ఇదంతా పాత కంట్రోల్ ప్రోగ్రామ్ రోజుల్లోనూ ఇలాగే ఉండేది, అప్పుడు లోతు తప్పలేదు. మారిందేమిటి?

మారింది పోర్టు వోల్టేజీ. స్టెప్ పిన్ మీద మల్టీమీటర్ పెడితే 3.2 వోల్టులు చూపింది. ఈ తరం బోర్డుల్లో, ఇప్పుడొచ్చే పారలల్ కార్డుల్లో చాలావరకు పోర్టు 3.3 వోల్టులదే. పక్క షాపు నుంచి తెచ్చిన కార్డూ అంతే, అందుకే అక్కడా లోపం మారలేదు. పాడైన కంప్యూటర్ ఇంకా వెనకటి తరానిది, దాని పోర్టు దాదాపు 5 వోల్టులు ఇచ్చేది.

బ్రేకౌట్ బోర్డు మీద బఫర్ చిప్ (పోర్టు సిగ్నల్‌ను చదివి ముందుకు పంపేది) 74హెచ్‌సీ245. హెచ్‌సీ రకం చిప్ 5 వోల్టుల సరఫరా మీద ఉంటే, ఇన్‌పుట్ ‘హై’ అని హామీగా గుర్తించాలంటే 3.5 వోల్టులు కావాలి. మనమిచ్చేది 3.2. మరి ఎలా నడుస్తోంది? నిజంగా మారే చోటు సుమారు రెండున్నర వోల్టుల దగ్గర ఉంటుంది కాబట్టి టేబుల్ మీద అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. నాయిస్‌కు మిగిలిన దూరం ముప్పావు వోల్టే. పైగా ఈ వైరింగ్‌లో డ్రైవర్ల కామన్ ప్లస్ 5కు కలిపి ఉంది, స్టెప్ లైన్ ఖాళీగా ఉన్నప్పుడు హైలోనే ఉంటుంది, స్టెప్‌కాన్ఫ్‌లో ఆ పిన్‌కు ఇన్‌వర్ట్ టిక్ ఉంది. అంటే మెషీన్ ఊరికే నిలబడ్డ ప్రతి క్షణమూ స్టెప్ లైన్ ఆ అంచు మీదే ఉంటుంది. వీఎఫ్‌డీ నుంచి వచ్చే ఒక చిన్న కుదుపు కిందికి లాగితే బఫర్ దాన్ని పల్సుగా చదివి డ్రైవర్‌కు పంపేస్తుంది.

పనిచేసినవి

వరుస ముఖ్యం. ముందు ఎర్తింగ్ సరిచేశాం. ఎర్త్ గుంత ఎండిపోయి ఉంది, ఉప్పూ బొగ్గూ వేసి నీళ్లు పోయించి, వీఎఫ్‌డీకి, మెషీన్ బాడీకి, కంప్యూటర్ క్యాబినెట్‌కు విడివిడిగా ఎర్త్ తీగలు ఒకే బస్‌బార్‌కు తెచ్చాం. ఇది ముందు ఎందుకంటే నాయిస్ సంగతి తర్వాత, మనుషుల భద్రతకే అది కావాలి. తర్వాత స్పిండిల్‌కు నాలుగు కోర్ల షీల్డెడ్ కేబుల్ లాగి షీల్డును వీఎఫ్‌డీ ఎర్త్‌కు కలిపాం, నాలుగో కోర్‌ను స్పిండిల్ బాడీకి. ఇక్కడ చూసుకోవాల్సింది ఒకటుంది. చాలా స్పిండిళ్లలో కనెక్టర్ నాలుగో పిన్ లోపల బాడీకి కలిసి ఉండదు. మల్టీమీటర్ బీప్ వినిపించకపోతే మూత విప్పి కలపాలి. పారలల్ కేబుల్‌ను ట్రేలోంచి తీసి అవతలి వైపు నుంచి తిప్పి, ఐఈఈఈ 1284 అని ముద్ర ఉన్న కేబుల్ వేశాం, అందులో ప్రతి సిగ్నల్ తీగకూ గ్రౌండ్ తీగ పెనవేసి ఉంటుంది.

కదలకుండా నిలబెట్టే పరీక్ష మళ్లీ చేస్తే అరగంటకు 0.01 కన్నా తక్కువ. ఇక్కడితో ఆపేయవచ్చు కదా అనిపిస్తుంది. కానీ పది గంటల పనికి అది ఇంకా 0.1, 0.2 దాకా పోతుంది, పైగా ఎండాకాలంలో ఎర్త్ గుంత మళ్లీ ఎండితే కథ మొదటికి వస్తుంది. నాయిస్‌ను తగ్గించాం గానీ బలహీనత అలాగే ఉంది. అందుకే బఫర్ తీసి 74హెచ్‌సీటీ245 వేశాం. పిన్నులన్నీ అవే, ధర కొద్ది పదుల రూపాయలు. హెచ్‌సీటీకి 2 వోల్టులు దాటితే హై, మారే చోటు సుమారు ఒకటిన్నర వోల్టు. 3.2 నుంచి అక్కడికి ఇప్పుడు వోల్టున్నర పైన దూరం.

దీనికీ ఒక ఖరీదుంది. హెచ్‌సీటీలో కింది వైపు హామీ 0.8 వోల్టే. స్టెప్ లైన్ ఖాళీగా ఉన్నప్పుడు లోలో ఉండే వైరింగ్ అయితే ఈ మార్పు మేలు కన్నా కీడు చేయొచ్చు. కాబట్టి చిప్ మార్చే ముందు మెషీన్ నిలబడి ఉండగా స్టెప్ పిన్ మీద మీటర్ పెట్టి హైలో ఉందో లోలో ఉందో చూడండి. బోర్డుకు 5 వోల్టులు కంప్యూటర్ యూఎస్‌బీ నుంచి కాకుండా విడి సరఫరా నుంచి ఇచ్చాం, పాత బోర్డుల యూఎస్‌బీ బరువు పడితే నాలుగున్నర దాకా జారుతుంది.

ఆ తర్వాత స్పిండిల్ తిరుగుతుండగా రాత్రంతా డయల్ పెట్టి ఉంచారు, ముల్లు కదలలేదు. అదే ప్యానెల్ ముందు చవక చెక్క మీద, తర్వాత టేకు మీద నడిపారు. పై నుంచి కింది దాకా గ్రౌండ్ ఒకే లోతు.

ఈ కేసు నుంచి తీసుకోవాల్సింది

లోతు తప్పినా, సైజు తప్పినా సెట్టింగులు ముట్టుకోకముందు లోపం దేనితో పెరుగుతోందో చూడాలి. వేగంతో పెరిగితే మోటార్ బలం, యాక్సిలరేషన్. నడిచిన దూరంతో అయితే మి.మీ.కు పల్సుల లెక్క. గడిచిన సమయంతో అయితే నాయిస్. రీడింగు నాలుగు ఫుల్ స్టెప్పుల గుణిజమా కాదా అన్నది వీటన్నిటికీ తోడు. ఇంత కొలవడానికి ఒక డయల్ గేజ్, ఒక మార్కర్ పెన్ చాలు.

కంప్యూటర్ మారినప్పుడు మొదట కొలవాల్సినవి రెండు: పనిభారం మీద గరిష్ఠ లేటెన్సీ, పోర్టు పిన్ వోల్టేజీ. రెండోది ఎవరూ కొలవరు. బ్రేకౌట్ బోర్డు చిప్ మీద నంబర్ చదవడమూ అంతే, అద్దం పెట్టి చూస్తే నిమిషం పని.

అప్పగించేటప్పుడు కాన్ఫిగ్స్ ఫోల్డర్‌ను రెండు పెన్‌డ్రైవ్‌లలో కాపీ చేసి, ఒకటి కంట్రోల్ ప్యానెల్ తలుపు లోపల టేపుతో అతికించాం. నెట్ కనెక్షన్ తీసేశాం. కర్నెల్ దానంతటది అప్‌డేట్ అయితే ఇన్నాళ్ల జిట్టర్ కొలతలు చెల్లవు. మదర్‌బోర్డు మీద సీఆర్2032 బ్యాటరీ కూడా కొత్తది వేశాం. అది నీరసించిన రోజున బయాస్ తన మొదటి సెట్టింగులకు వెళ్లిపోతుంది. సీ1ఈ, స్మార్ట్ ఫ్యాన్ మళ్లీ లేస్తాయి, ఏ కారణమూ కనిపించకుండా రియల్‌టైమ్ డిలే సందేశం తిరిగొస్తుంది. బయాస్ పేజీలన్నిటికీ ఫోన్‌తో ఫొటోలు తీసి, ప్రింట్లు వేసి, పీఎస్2 కీబోర్డుతో కలిపి అదే ప్యానెల్‌లో పెట్టాం.